బ్రిస్టల్ నగర కౌన్సిల్ ఎన్నికలు 2024: సీట్ల లెక్క, అధికారం లెక్క

ఇంగ్లండ్ నైరుతి భాగంలోని బ్రిస్టల్ నగరంలో 2024 మే 2న కౌన్సిల్ ఎన్నికలు జరిగాయి. మొత్తం 70 స్థానాల్లో పర్యావరణవాద గ్రీన్ పార్టీ 34 గెలిచింది. లేబర్‌కు 21, లిబరల్ డెమోక్రాట్లకు 8, కన్జర్వేటివ్‌లకు 7 దక్కాయి. మెజారిటీకి 36 కావాలి కనుక గ్రీన్ పార్టీ రెండు సీట్ల దూరంలో ఆగిపోయింది. అయినా మే నెల ముగియకముందే ఆ పార్టీకి చెందిన టోనీ డయ్యర్ కౌన్సిల్ నాయకుడయ్యారు.

స్థానిక ఎన్నికల ఫలితాలను వార్డువారీగా విడదీసి చూడటం నా వృత్తి. ఇంగ్లండ్‌లో ఓట్ల లెక్కింపు బల్లల ముందు అభ్యర్థి తరఫు ఏజెంటుగా కూడా నిలబడ్డాను. బ్రిస్టల్ ఫలితాన్ని ‘గ్రీన్ ప్రభంజనం’ అని ఒక్క మాటలో తేల్చేస్తే అసలు విషయం చేజారిపోతుందని నా నమ్మకం. ఇదే పార్టీ 2021లో 24 సీట్లు గెలిచి లేబర్‌తో సమానంగా నిలిచింది. ఆ బలంతో నగర పాలనలో అది సాధించిన నిర్ణయాధికారం దాదాపు శూన్యం. మూడేళ్ల తర్వాత 34 సీట్లతో, మెజారిటీ లేకుండానే, నగర నాయకత్వం ఆ పార్టీ చేతికి వచ్చింది. ఈ రెండు ఎన్నికల మధ్య ఓటర్లు మారినంత గట్టిగా నిబంధనలు కూడా మారాయి. ఈ కేసులో నేను పట్టుకున్న దారం అదే.

ఒక వార్డు, ఇద్దరు సభ్యులు

మన కార్పొరేషన్లలో డివిజన్‌కు ఒక్కరే కార్పొరేటర్. బ్రిస్టల్ పద్ధతి వేరు. 2021 జనగణన ప్రకారం సుమారు 4,72,000 మంది జనాభా ఉన్న ఆ నగరాన్ని 34 వార్డులుగా విభజించారు. వాటిలో 26 వార్డులు ఇద్దరేసి సభ్యులను, 5 వార్డులు ముగ్గురేసి సభ్యులను ఎన్నుకుంటాయి. మిగిలిన మూడు వార్డులకు ఒక్కొక్కరే. ఓటరుకు తన వార్డులో ఎన్ని స్థానాలుంటే అన్ని ఓట్లు ఉంటాయి. ఎక్కువ ఓట్లు వచ్చినవారు వరుసగా గెలుస్తారు. దామాషా ఏమీ లేదు.

బార్ అసోసియేషన్ ఎన్నికలు చూసినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. ‘ప్యానెల్‌కు ప్యానెల్’ ఓటేసేవారు ఒకవైపు, మనిషిని చూసి క్రాస్ ఓటు వేసేవారు మరోవైపు. ప్యానెల్ ఓటు బలంగా ఉన్నచోట కాస్త ముందంజలో ఉన్న పార్టీ మొత్తం ఊడ్చేస్తుంది. ఇద్దరు సభ్యుల వార్డులో వెయ్యిమంది ఓటేశారనుకుందాం. 400 మంది మొదటి పార్టీ ప్యానెల్‌కు, 350 మంది రెండో పార్టీ ప్యానెల్‌కు, 250 మంది మూడో పార్టీ ప్యానెల్‌కు వేస్తే, మొదటి పార్టీకి రెండు సీట్లూ వస్తాయి. నలభై శాతం ఓటుకు నూరు శాతం సీట్లు. మిగతా 600 మందికి ఆ వార్డు నుంచి తమ పార్టీ సభ్యుడు ఒక్కడూ ఉండడు.

ఇది ఒక్క బ్రిస్టల్ సంగతే కాదు, ఇంగ్లండ్‌లో చాలా కౌన్సిళ్లది ఇదే పద్ధతి. బ్రిస్టల్‌లో ఇది ఎవరికి మేలు చేసిందన్నదే గమనించాలి. నగరం నడిబొడ్డున ఉన్న వార్డుల్లో గ్రీన్ పార్టీ రెండో స్థానంలో ఉన్నన్నాళ్లూ ఈ పద్ధతి దాన్ని శిక్షించింది. మొదటి స్థానానికి చేరిన రోజు నుంచి అదే పద్ధతి దాన్ని దీవించింది. 2024లో బ్రిస్టల్ సెంట్రల్ పార్లమెంటు నియోజకవర్గం పరిధిలోని ఏడు వార్డుల్లో, అంటే ఆష్లీ, సెంట్రల్, క్లిఫ్టన్, క్లిఫ్టన్ డౌన్, కాథమ్, హాట్‌వెల్స్ అండ్ హార్బర్‌సైడ్, రెడ్‌లాండ్‌లలో ఉన్న 14 సీట్లూ గ్రీన్ పార్టీవే. ఆ ఏడు వార్డుల్లో లేబర్‌కు ఓటర్లు లేకపోలేదు, లిబరల్ డెమోక్రాట్లకూ ఉన్నారు. కౌన్సిల్ సభలో మాత్రం ఆ ప్రాంతం తరఫున వారికి ఒక్క కుర్చీ కూడా లేదు.

గ్రీన్ పార్టీ దామాషా ఎన్నికలను ఎప్పటినుంచో కోరుతోంది. తనకు సీట్లు కురిపించిన ఊళ్లో కూడా ఆ మాట మీద నిలబడుతుందా లేదా అన్నది ఆ పార్టీకి అసలైన పరీక్ష అని నేననుకుంటాను.

లెక్కింపు బల్ల దగ్గర

మనవైపు ఓట్ల లెక్కింపు అంటే యంత్రం మీద మీట నొక్కడమే అనుకునే తరం వచ్చేసింది. ఇంగ్లండ్‌లో ఇప్పటికీ కాగితమే. పోలింగ్ ఉదయం 7 నుంచి రాత్రి 10 వరకు జరుగుతుంది. ఓటరు గడిలో పెన్సిల్‌తో అడ్డగీతల గుర్తు పెడతాడు. లెక్కింపులో తొలి పని తనిఖీ. పెట్టెలోంచి తీసిన కాగితాల సంఖ్య, పోలింగ్ కేంద్రం అధికారి రాసి పంపిన లెక్కతో సరిపోవాలి. ఈ దశలో ఎవరికి ఎన్ని వచ్చాయని అధికారులు లెక్కపెట్టరు. కాగితాలను ముఖం పైకి ఉండేలా పరుస్తారు, వెనకవైపు ఉన్న సంఖ్యలు ఎవరి కంటా పడకూడదని నిబంధన. ఏజెంట్లకు ఇదే అదను. బల్లకు ఇవతల నిలబడి, ఒక్కో పెట్టెలోంచి తీసిన కాగితాల మీది గుర్తులను చూసి పుస్తకంలో గీతలు గీసుకుంటారు. అధికారిక ఫలితం వార్డు మొత్తానికే ప్రకటిస్తారు, పోలింగ్ కేంద్రాలవారీగా ఇవ్వరు. ఏ వీధి ఎటు మొగ్గిందో పార్టీలకు తెలిసేది ఈ గీతల వల్లనే.

తర్వాత కాగితాలను కలిపేస్తారు. ఒకే పార్టీ అభ్యర్థులకు అన్ని ఓట్లూ వేసిన ప్యానెల్ కాగితాలను ముందు విడదీసి కట్టలు కడతారు. ఇవి తేలిగ్గా తేలిపోతాయి. మిగిలినవి క్రాస్ ఓట్లు. వీటికోసం ఒక పొడవాటి కాగితపు పట్టీ ఉంటుంది. బ్యాలెట్లను ఒకదానిమీద ఒకటి కాస్త జరిపి, గుర్తులున్న కుడి అంచు మాత్రమే కనిపించేలా వరసగా అతికిస్తారు. అప్పుడు ఒక్కో అభ్యర్థికి ఎదురుగా ఉన్న అడ్డవరుసలో గుర్తులను లెక్కపెట్టి చివర సంఖ్య వేస్తారు. రెండు ఓట్లున్న ఓటరు ఒక్కటే వేసినా కాగితం చెల్లుతుంది. మూడు వేస్తే చెల్లదు.

ఆ పట్టీల ఎత్తు చూస్తే వార్డు స్వభావం తెలిసిపోతుంది. ప్యానెల్ కట్టలు ఎత్తుగా, పట్టీలు తక్కువగా ఉంటే అక్కడ జనం పార్టీని చూసి ఓటేశారు. పట్టీలు పెరుగుతూ పోతే ఎవరో ఒక కౌన్సిలరుకు సొంత పేరు ఉందని అర్థం. చాలాకాలంగా పనిచేస్తున్న కౌన్సిలర్ తన పార్టీ మునిగినా తాను తేలేది ఈ క్రాస్ ఓట్ల మీదే. ఒకే వార్డులో రెండు వేర్వేరు పార్టీలవారు గెలిచారంటే దాని వెనక ఆ పట్టీలుంటాయి.

సమాన బలం, దక్కని పాలన

ఇక 2021కి వద్దాం. అంతకు ముందు 2016లో లేబర్ 37, కన్జర్వేటివ్‌లు 14, గ్రీన్ 11, లిబరల్ డెమోక్రాట్లు 8 గెలిచారు. కోవిడ్ వల్ల ఏడాది వాయిదా పడి 2021 మేలో జరిగిన ఎన్నికల్లో లేబర్ 24కు పడిపోయింది, గ్రీన్ 24కు ఎదిగింది. కన్జర్వేటివ్‌లు అదే 14, లిబరల్ డెమోక్రాట్లు అదే 8. ఒకరు పోగొట్టుకున్న 13, మరొకరు సంపాదించుకున్న 13.

అదే రోజు మేయర్ ఎన్నిక కూడా జరిగింది. బ్రిస్టల్ మేయర్‌ను అప్పట్లో ప్రజలే నేరుగా ఎన్నుకునేవారు. 2002లో హైదరాబాద్ మేయర్ ఎన్నిక ఎలా జరిగిందో గుర్తున్నవారికి ఈ అమరిక కొత్తకాదు: సభలో బలాబలాలు ఒకటి, పీఠం మీద మనిషి మరొకటి. లేబర్‌కు చెందిన మార్విన్ రీస్ 2016లో గెలిచిన మేయర్. 2021లో గ్రీన్ అభ్యర్థి, ఓటర్ల రెండో ప్రాధాన్య ఓట్లను కలిపే రెండో విడత లెక్కింపు దాకా వచ్చినా రీసే మళ్లీ గెలిచారు. మేయర్ తన మంత్రివర్గాన్ని తానే నియమించుకుంటారు. రోజువారీ పాలనా నిర్ణయాలు ఆయనవి. సభకు ప్రశ్నించే హక్కు ఉంటుంది, చర్చించే హక్కు ఉంటుంది, బడ్జెట్ ఆమోదించే అధికారం ఉంటుంది.

బడ్జెట్ దగ్గర ఆగి చూడాలి. ఈ కేసులో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించిన లెక్క ఇక్కడే ఉంది. నేరుగా ఎన్నికైన మేయర్ ఉన్న కౌన్సిళ్లలో, మేయర్ బడ్జెట్‌ను ఆయన ఇష్టానికి విరుద్ధంగా సవరించాలంటే సభకు హాజరై ఓటేసినవారిలో మూడింట రెండు వంతుల మంది కావాలి. సాధారణ మెజారిటీ చాలదు. 70 మందీ హాజరైతే ఆ సంఖ్య 47. లేబర్ బలం 24. మిగతా అందరూ కలిస్తే, అంటే గ్రీన్ 24, కన్జర్వేటివ్ 14, లిబరల్ డెమోక్రాట్ 8 చేతులు కలిపితే, మొత్తం 46. ఒక్కటి తక్కువ.

లేబర్ మూడోవంతుకు పైగా సభ్యులను పోగొట్టుకుందని కాదు, సరిగ్గా ఎక్కడ ఆగిందన్నదే ముఖ్యం. 24 దగ్గర ఆగడం వల్ల, సభ నిండుగా ఉన్నప్పుడు మేయర్ బడ్జెట్‌కు రక్షణ దొరికింది. 23 దగ్గర ఆగి ఉంటే, సిద్ధాంతాలు పూర్తిగా వేరైన మూడు పార్టీలు ఒక్కటయ్యే పక్షంలో ఆ రక్షణ పోయేది. ఒక్క వార్డులో ఒక్క సీటు తేడా. ఫలితం వచ్చిన రోజున ‘24-24 సమం’ అన్న శీర్షికే అందరి కళ్లలో పడుతుంది. నాకు 46, 47 అన్న రెండు అంకెలు అంతకంటే ఎక్కువ చెబుతాయి.

మేయర్ అధికారం ఎంతటిదో నగరవాసులకు 2018 సెప్టెంబరులోనే ఒక పాఠంలా కనిపించింది. టెంపుల్ మీడ్స్ రైల్వే స్టేషన్ పక్కన పెద్ద అరీనా కట్టాలన్నది ఏళ్ల నాటి ప్రణాళిక. దాన్ని అక్కడే కట్టాలని సభలో అత్యధికులు ఓటేశారు. మేయర్ మంత్రివర్గం ఆ మర్నాడే దానికి విరుద్ధమైన నిర్ణయం తీసుకుంది. చట్టప్రకారం ఆయనకు ఆ అధికారం ఉంది. ఆర్థిక కారణాలు కూడా ఆయన చెప్పారు, అవి తీసిపారేయదగినవి కావు. కాని తమ వార్డు సభ్యుడి ఓటుకు విలువ లేదని చాలామందికి ఆ రోజు అనిపించింది. ఆ భావనే తర్వాత ఓటుగా మారింది.

2021 డిసెంబరులో లిబరల్ డెమోక్రాట్లు సభలో ఒక తీర్మానం పెట్టారు: మేయర్ పదవి ఉండాలా వద్దా అని ప్రజలనే అడుగుదామని. లేబర్ కాదన్నా మిగతా పార్టీల మద్దతుతో అది నెగ్గింది. 2022 మే 5న ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. మేయర్ పదవి వద్దు, కమిటీల పాలన కావాలన్నవారు 56,113 మంది. మేయరే ఉండాలన్నవారు 38,439 మంది. శాతాల్లో 59, 41. ఓటేసినవారు మొత్తం ఓటర్లలో మూడింట ఒక వంతు కూడా లేరు. అదే నగరం 2012లో మేయర్ కావాలని 41,032 ఓట్లతో కోరుకుంది, వద్దన్నవి 35,880. ఆ రోజు ఇంగ్లండ్‌లో పది నగరాలను ఇదే ప్రశ్న అడిగితే అవునన్నది బ్రిస్టల్ ఒక్కటే. అప్పుడు ఓటేసింది నాలుగోవంతు మంది కూడా కాదు. రెండుసార్లూ తక్కువమందే నిర్ణయించారన్నది నిజం. పదేళ్ల తేడాలో వద్దన్న ఓట్లు ఇరవై వేలకు పైగా పెరిగాయన్నది కూడా నిజమే.

పదవి రద్దు 2024 మే ఎన్నికలతో అమల్లోకి వచ్చింది. అంటే 2024లో బ్రిస్టల్ ఓటరు వేసిన వార్డు ఓటుకు, 2021లో లేని బరువు వచ్చింది. 2021లో ఓటరు కౌన్సిలరును ఎన్నుకున్నాడు, పాలకుణ్ని వేరే కాగితం మీద ఎన్నుకున్నాడు. 2024లో రెండూ ఒకే కాగితం.

ఒక్క సీటు నుంచి

ఇన్ని మాటలు నిబంధనల గురించి చెప్పానని గ్రీన్ కార్యకర్తల శ్రమను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. బ్రిస్టల్‌లో ఆ పార్టీ తొలి కౌన్సిలర్ 2006లో సౌత్‌విల్ వార్డు నుంచి గెలిచారు. అప్పట్లో సభ మొత్తానికి ఒకేసారి ఎన్నికలు జరిగేవి కావు, మూడోవంతు స్థానాలకు మాత్రమే విడతల్లో జరిగేవి. చిన్న పార్టీకి అది అనుకూలించింది. ఉన్న కొద్దిమంది కార్యకర్తలను ఒక్క వార్డులో దింపి, ఏడాది పొడవునా కరపత్రాలు పంచి, గుంతలు పడ్డ రోడ్డు నుంచి చెత్త తరలింపు దాకా ప్రతి ఫిర్యాదునూ వెంటాడి, ఒక సీటు కొట్టి, తర్వాతి ఏడాది పక్క వార్డుకు వెళ్లేవారు. పరుచుకుపోకుండా ఒక్కచోట పాతుకోవడం ఆ పార్టీ పద్ధతి. 2016 నుంచి మొత్తం సభకు ఒకేసారి ఎన్నికలు పెట్టారు. అప్పటికి వేళ్లు దిగిన వార్డుల్లో 2021 నాటికి రెండో సీటు, మూడో సీటు కూడా వచ్చాయి.

విధానపరంగానూ ఆ పార్టీకి చూపించుకోవడానికి ఒక మైలురాయి ఉంది. 2018 నవంబరులో బ్రిటన్‌లోనే మొదటిసారిగా వాతావరణ అత్యవసర పరిస్థితిని ప్రకటించిన కౌన్సిల్ బ్రిస్టల్. ఆ తీర్మానం పెట్టింది అప్పటి గ్రీన్ కౌన్సిలర్ కార్లా డెన్యర్. ప్రతిపక్ష సభ్యురాలి తీర్మానం దేశంలోని వందలాది కౌన్సిళ్లకు నమూనా అయింది.

2024లో దేశవ్యాప్త గాలి కూడా ఉంది. గాజా విషయంలో లేబర్ వైఖరి మీద కోపం, హరిత పెట్టుబడుల వాగ్దానం నుంచి ఆ పార్టీ వెనక్కి తగ్గడం, పెరిగిపోయిన ఇంటి అద్దెలు, ఇవన్నీ యువ ఓటర్లను కదిలించాయి. ఈ కారణాలకు నేను రెండో స్థానమే ఇస్తాను. ఇవేవీ లేని 2021లోనే గ్రీన్ పార్టీ 11 నుంచి 24కు వచ్చింది. పునాది అప్పటికే పడింది.

నికర తేడా దాచేసేది

2021తో పోలిస్తే 2024లో గ్రీన్ పదిమందిని పెంచుకుంది, కన్జర్వేటివ్‌లు ఏడుగురిని, లేబర్ ముగ్గురిని పోగొట్టుకున్నారు. లిబరల్ డెమోక్రాట్లు ఎక్కడివారక్కడే. ఈ పట్టిక చూసి, కన్జర్వేటివ్‌ల ఏడు సీట్లు గ్రీన్ పార్టీకి పోయాయని ఎవరైనా రాస్తే అది తప్పు చిత్రం.

జరిగింది రెండు వేర్వేరు ప్రవాహాలు. నడిబొడ్డు వార్డుల్లో లేబర్ నుంచి గ్రీన్‌కు సీట్లు పోయాయి. నగరం అంచుల్లో కన్జర్వేటివ్‌ల నుంచి లేబర్ కొన్ని సీట్లు గెలుచుకుంది. రెండో ప్రవాహం మొదటిదాన్ని చాలావరకు పూడ్చడం వల్లే లేబర్ నష్టం మూడుగా కనబడుతోంది. వార్డు పటం మీద రంగులు వేసి చూస్తే లేబర్ నగరం మధ్యలో నుంచి అంచులకు జరిగిన పార్టీ. పార్టీ కార్యాలయంలో కూర్చుని మూడు సీట్లే పోయాయని తేలిగ్గా ఊపిరి పీల్చుకున్న మనిషికి ఆ పటం చూపించాలి.

ఇంకో చిన్న సంగతి. పోలికకు ఏ గీత నుంచి మొదలుపెడతామన్నది కూడా చూసుకోవాలి. 2023 ఫిబ్రవరి 2న హాట్‌వెల్స్ అండ్ హార్బర్‌సైడ్ ఉప ఎన్నికలో లిబరల్ డెమోక్రాట్ల సీటును గ్రీన్ గెలిచింది. దాంతో ఆ పార్టీ బలం 25కు చేరి, సభలో అతిపెద్ద పార్టీ అయింది. 2021 ఫలితం నుంచి లెక్కిస్తే 2024లో పెరుగుదల 10, ఉప ఎన్నిక తర్వాతి బలం నుంచి లెక్కిస్తే 9. రెండూ సరైనవే, ఏది వాడుతున్నామో చెప్పి వాడాలి.

34 తర్వాత

కమిటీ పద్ధతిలో మంత్రివర్గం ఉండదు. పెద్దలు, పిల్లల సంక్షేమం, గృహనిర్మాణం, రవాణా, పర్యావరణం, ప్రజారోగ్యం, ఆర్థికాభివృద్ధి, వీటన్నిటి మీదా వ్యూహం-వనరుల కమిటీ, ఇలా ఎనిమిది విధాన కమిటీలు ఏర్పడ్డాయి. ప్రతి కమిటీలోనూ పార్టీల బలం సభలోని బలానికి దామాషాలో ఉండాలని చట్టం. కనుక సభలో మెజారిటీ లేని పార్టీకి ఏ కమిటీలోనూ ఒంటరి మెజారిటీ ఉండదు. నాయకుడు ఒక పార్టీ మనిషే కావచ్చు, ప్రతి నిర్ణయానికీ బయటి చేయి కావాలి. లిబరల్ డెమోక్రాట్లకు కొన్ని కమిటీల అధ్యక్ష పదవులు దక్కాయి. అక్కడ లార్డ్ మేయర్ అని ఒకరు ఇప్పటికీ ఉన్నారు, ఏటా సభ్యులే ఎన్నుకుంటారు, సభకు అధ్యక్షత వహిస్తారు. ఆ పదవి గౌరవార్థం, రద్దయిన మేయర్ పదవితో దాన్ని కలపకూడదు.

టోనీ డయ్యర్ సౌత్‌విల్ కౌన్సిలర్. పెరిగింది మాత్రం దక్షిణ అంచున ఉన్న హార్ట్‌క్లిఫ్‌లో. కౌన్సిల్ అద్దెకిచ్చే ఇళ్లు ఎక్కువగా ఉన్న ఆ ప్రాంతంలో ఆయన పార్టీకి 2024లో సీటు రాలేదు. ఆయన బాల్యానికీ, ఆయన పార్టీ ఓటుబలానికీ మధ్య ఉన్న ఆ కొన్ని మైళ్ల దూరం, బ్రిస్టల్‌లో ఉన్న అసమానతకు కొలమానం కూడా.

అధికారంలో ఉండటం అంటే ఏమిటో 2025 మొదట్లోనే తెలిసొచ్చింది. బ్రిటన్‌లో కౌన్సిళ్ల చేతిలో డబ్బు తక్కువ. ఆస్తి విలువ మీద వేసే కౌన్సిల్ పన్నును ప్రజాభిప్రాయ సేకరణ లేకుండా పెంచుకోగలిగింది ఏటా ఐదు శాతం లోపే. వృద్ధుల సంరక్షణ, ప్రత్యేక అవసరాలున్న పిల్లల చదువు, ఈ రెండే ఖర్చులో పెద్ద భాగం మింగేస్తాయి. రీసైకిల్ కాని చెత్త డబ్బాలను రెండు వారాలకు బదులు మూడు లేదా నాలుగు వారాలకోసారి ఖాళీ చేద్దామన్న ప్రతిపాదన బయటికి రాగానే నగరం భగ్గుమంది. నాలుగు వారాల మాటను వెనక్కి తీసుకున్నారు. రీసైక్లింగ్ పెంచాలన్న లక్ష్యం ఆ పార్టీ సిద్ధాంతానికి దగ్గరిదే. కాని నలుగురు పిల్లలున్న అద్దె ఇంటి ముందు నిండిన డబ్బా నెలరోజులు ఎలా ఉంటుందో అడిగిన తల్లికి సిద్ధాంతం జవాబు కాదు. ఆమె ప్రశ్నను సభలోకి తీసుకొచ్చే సభ్యులు నాలుగు పార్టీల్లోనూ ఉండటమే కమిటీ పద్ధతికి ఉన్న బలం అని నేను భావిస్తాను. పని నెమ్మదిస్తుంది, నిజమే.

మన ఓటు

ఇక్కడ తెలుగువారికి నేరుగా సంబంధించిన విషయం ఒకటుంది. బ్రిస్టల్‌లోని రెండు విశ్వవిద్యాలయాల్లో చదువుకునే మన విద్యార్థులు, ఆసుపత్రుల్లో, కంప్యూటర్ సంస్థల్లో పనిచేసే మనవారు చాలామంది, బ్రిటిష్ పౌరసత్వం వచ్చేదాకా తమకు ఓటు లేదనుకుంటారు. కామన్వెల్త్ దేశాల పౌరులు చట్టబద్ధంగా అక్కడ నివసిస్తూ 18 ఏళ్లు నిండి ఉంటే ఓటరుగా నమోదు చేసుకోవచ్చు. భారతీయులు ఆ కోవలోకే వస్తారు. చదువు వీసా మీద ఉన్నా, ఉద్యోగ వీసా మీద ఉన్నా సరే. కౌన్సిల్ ఎన్నికలకే కాదు, పార్లమెంటు ఎన్నికలకూ ఇది వర్తిస్తుంది. 2023 నుంచి ఇంగ్లండ్ స్థానిక ఎన్నికల్లో పోలింగ్ కేంద్రంలో ఫొటో గుర్తింపు చూపించాలి. భారతీయ పాస్‌పోర్టు చెల్లుతుంది. 2023లో బ్రిస్టల్‌లో సాధారణ కౌన్సిల్ ఎన్నికలు లేవు కనుక, ఆ నగరంలో నగరమంతటా ఈ నిబంధనతో జరిగిన తొలి ఎన్నికలు 2024 మే నాటివే. కోరుకున్నవారికి తపాలా ఓటు కూడా ఇస్తారు, కారణం చెప్పనక్కర్లేదు.

కొన్ని వందల ఓట్లతో, ఒక్కోసారి పదుల ఓట్లతో తేలే వార్డుల్లో, ఒక అద్దె ఇంట్లో ఉండే నలుగురు విద్యార్థుల ఎనిమిది ఓట్లు లెక్కలోకి వస్తాయి. ఇద్దరు సభ్యుల వార్డు కదా, తలా రెండు.

2028కి చూడవలసినవి

2024 జూలైలో జరిగిన పార్లమెంటు ఎన్నికల్లో కార్లా డెన్యర్ బ్రిస్టల్ సెంట్రల్‌ను 10,407 ఓట్ల మెజారిటీతో గెలిచారు. ఓడిపోయింది లేబర్ సీనియర్ నాయకురాలు థంగం డెబ్బొనేర్. రెండు నెలల ముందు ఆ 14కు 14 వార్డు సీట్లు చూసినవారికి అందులో ఆశ్చర్యం లేదు. ఏడు వార్డుల్లో ఏళ్లుగా గడప గడపకూ తిరిగిన కౌన్సిలర్లే ఆమెకు ప్రచార యంత్రాంగం.

2025 మే 1న జరిగిన పశ్చిమ ఇంగ్లండ్ ప్రాంతీయ మేయర్ ఎన్నిక మరో కథ చెప్పింది. బ్రిస్టల్‌తో పాటు చుట్టుపక్కల రెండు కౌన్సిళ్లు కలిసిన ప్రాంతం అది, బస్సుల వంటి రవాణా విషయాలు చాలావరకు దాని చేతిలోనే ఉంటాయి. లేబర్ అభ్యర్థి హెలెన్ గాడ్విన్ సుమారు 25 శాతం ఓట్లతో గెలిచారు. రెండో స్థానంలో రిఫార్మ్ పార్టీ, మూడో స్థానంలో గ్రీన్. నాలుగోవంతు ఓటు చాలు, గెలుపు ఖాయం అన్న పరిస్థితి వచ్చింది. ఒకప్పుడు బ్రిస్టల్ మేయర్ ఎన్నికలో ఉన్న రెండో ప్రాధాన్య ఓటు లెక్కింపు 2022 చట్టంతో మేయర్ ఎన్నికలన్నిటికీ పోయింది.

తర్వాతి కౌన్సిల్ ఎన్నికలు 2028 మేలో. ఆ రోజు నేను ముందుగా తెరిచి చూసేవి క్లిఫ్టన్, రెడ్‌లాండ్‌ల అంకెలు కావు. హార్ట్‌క్లిఫ్ అండ్ విథీవుడ్, ఫిల్‌వుడ్, ఏవన్‌మౌత్ అండ్ లారెన్స్ వెస్టన్. నాలుగైదు పార్టీలు బరిలో ఉండి, ఓటు అన్ని ముక్కలైనప్పుడు, ముగ్గురు సభ్యుల వార్డును ముప్పై శాతం ఓటుతో కూడా ఊడ్చేయవచ్చు. 2024లో నగరం నడిబొడ్డున గ్రీన్ పార్టీకి చేసిన మేలును, అదే పద్ధతి అంచుల్లో ఇంకెవరికైనా చేయగలదు. ఆ వార్డుల్లో ప్యానెల్ కట్టలు ఎంత ఎత్తున్నాయో, పక్కన పట్టీలెన్ని ఉన్నాయో చూసి వచ్చిన ఏజెంటు నాకు చెప్పే మొదటి మాట కోసం ఎదురుచూస్తాను.